సుగుణత్త దగ్గలేదు

ఢిల్లీ చూడటానికి పోయిన మనిషి ఎర్రకోట గురించి రాయాలి, కుతుబ్ మీనార్ గురించి రాయాలి. నేను రెండూ చూశాను, రెండింటి ముందూ ఫోటోలు దిగాను. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. ఆ వారం రోజుల్లో నాతో పాటు ఇంటికి వచ్చింది పాత ఢిల్లీలోని ఒక మెట్ల దారి. మసాలా దినుసుల టోకు వ్యాపారం సాగే ఖారీ బావ్లీ బజారులో, నడుమ పెద్ద వాకిలి ఉన్న ఒక పాత కట్టడంలో, చీకటిగా, ఇరుకుగా, జారుగా ఉంటాయి ఆ మెట్లు. అక్కడ కూలబడి ఏడ్చాను. అరవై దాటిన రిటైర్డు తెలుగు టీచరు పరాయి ఊళ్లో మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే బాగుండదని తెలుసు. అయినా ఏడ్చాను.

ఖమ్మం నుంచి రిటైరైన టీచర్లం తొమ్మిది మందిమి కలిసి పోయాం. నాకు జోడీ ఫర్హానా. ఇద్దరం ఇరవై ఏళ్లు ఒకే బడిలో పనిచేశాం. ఆమె లెక్కలు చెప్పింది, నేను తెలుగు చెప్పాను. తాతల నాటి నుంచి ఖమ్మంలో బట్టల దుకాణం నడిపిన ఇల్లు వాళ్లది. ఆమె ఉర్దూ వల్ల మాకు ఆటోవాళ్ల దగ్గర మర్యాద దక్కింది. మమ్మల్ని తిప్పడానికి ఒక గైడు ఉన్నాడు. చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు నడిచేవాడు. ఇది షాజహాను కాలం నాటి వ్యాపార కేంద్రం, ఇక్కడ అమ్ముడుపోని దినుసు లేదు, పైకెక్కితే మొత్తం బజారు కనిపిస్తుంది అని చెప్పుకుంటూ పోయాడు. ఆ బజారులో నడవడమంటే తోపులాటే. ఇనుప కొక్కేలు బస్తాల్లో దిగబడే చప్పుడు, అరుపులు, తిట్లు. మా కళ్లముందే ఒక తోపుడు బండి చక్రం ఇంకొకతని పాదం మీదుగా పోయింది. అతను కుంటుతూనే వెళ్లి బండివాడి దవడ మీద కొక్కెం పిడితో కొట్టాడు. రక్తం పసుపుకొమ్ముల బస్తా మీద పడింది. ఆ బస్తా యజమాని ముందు బస్తానే పక్కకు లాగాడు. మాలో ఒకావిడ ఫోన్ తీసి వీడియో పట్టబోతే నేను చెయ్యి మీద ఒక్కటిచ్చాను. కొట్టే అలవాటు నాలో ఇంకా చావలేదు.

కట్టడంలోకి అడుగు పెట్టగానే దగ్గు మొదలైంది. కింది అంతస్తంతా ఎండుమిర్చి బస్తాలే. మాతో పాటు మెట్లెక్కుతున్న దొరలూ దొరసానులూ కూడా దగ్గుతున్నారు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ, ఒకరి దగ్గును ఒకరు సెల్‌ఫోన్లలో పట్టుకుంటున్నారు. దగ్గడానికే ఇక్కడికి వస్తారని గైడు గర్వంగా చెప్పాడు. గోడకు ఆనించిన ఒక వరుస బస్తాల మీద తెలుగు అక్షరాలు కనిపించాయి. ఖమ్మం అని రాసి ఉంది. అంత దగ్గులోనూ ఫర్హానా నా భుజం తట్టి, "చూడే పద్మా, మన కాయ. మనల్ని ఇక్కడిదాక వచ్చి చంపుతున్నది" అంది. అంతలో ఒక హమాలీ రెండు బస్తాలు వీపున వేసుకుని మా మధ్యనుంచి మెట్లెక్కాడు. నడివయసు మనిషి. మూతికి గుడ్డ లేదు, కంట్లో తడి లేదు. మామూలు గాలి పీల్చుకుంటున్నట్టు పైకి పోయి, బస్తాలు దించి కిందికి వచ్చాడు. నీకు దగ్గు రాదా అని ఫర్హానా ఉర్దూలో అడిగింది. అలవాటైపోయింది బహెన్‌జీ అని చెప్పి ఆగకుండా పోయాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. అలవాటు. ఈ ఒక్క మాట తట్టడానికి నాకు యాభై ఏళ్ల పైనే పట్టింది.

మా ఊరు భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉంటుంది. మా చేలు దాటితే అడవే. నది వదిలిపోయిన ఒండ్రు మట్టిలో మిరప విరగకాసేది. కోతల కాలంలో అడవి గూడేల నుంచి కోయ ఆడవాళ్లు గుంపుగా దిగివచ్చేవారు. వాళ్ల భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ సాలుకు ఇద్దరు చొప్పున కోసుకుంటూ పోయేవారు. కోసిన కాయ కల్లంలో ఎండేది. మేం పొద్దంతా కల్లంలోనే ఉండేవాళ్లం. తొడిమెలు తుంచడం, ఎర్ర కాయను ఒక పక్కకు, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయను ఇంకో పక్కకు ఏరడం. చేతులు మంటెత్తేవి. మజ్జిగలో ముంచి, ఆముదం రాసుకునేవాళ్లం. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకునే ముందు బూడిదతో మోచేతులదాకా తోముకునేది. ఒకసారి మరిచిపోయి పాలిచ్చింది. ఆ పసివాడు ఏడ్చిన ఏడుపుకు నాయిన లేచి వచ్చి అమ్మను గుంజకేసి కొట్టాడు. ఇది నేనేదో విడ్డూరమని చెప్పడం లేదు. మా ఇంట్లో కొట్టడం కూడా ఇంటిపనుల్లో ఒకటి. నాయిన ఎడ్లను, అమ్మను కొట్టేవాడు. అమ్మ నన్ను కొట్టేది. నేను తమ్ముణ్ణి కొట్టేదాన్ని. నాయినమ్మ అందరినీ కొట్టేది. ఆమెను కొట్టే మనిషి లేడు.

నాయినమ్మ పొట్టి మనిషి. పొగాకు నములుతూ, మాట కంటే ముందు చెయ్యి విసిరేది. తొడిమె ఒక్కటి మిగిలినా ఆ కాయను నా ముక్కు కింద పెట్టి నలిపేది. అన్నం మెతుకు కింద పడితే గంటె కాడతో మెటికల మీద కొట్టేది. ఆమె ఆఖరి బిడ్డ సుగుణత్త. ఆ ఇంట్లో నన్ను కొట్టని మనిషి ఆమె ఒక్కతే. నాకు తల దువ్వేది, చెంపలు నిమిరేది. ఆమె చేతుల్లోంచి ఎప్పుడూ మిరప వాసనే వచ్చేది. ఆమెను సత్తుపల్లి దిక్కు ఇచ్చారు. మొగుడికి రెండు జతల ఎడ్లు, పక్కా ఇల్లు ఉన్నాయని నాయిన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ ఎడ్లను తోలే చెర్నకోలతోనే ఆమెనూ కొట్టేవాడని మాకు తర్వాత తెలిసింది.

మొదటిసారి ఆమె తిరిగి వచ్చినప్పుడు చెవి తమ్మె చీలిపోయి ఉంది. కమ్మ పట్టి లాగాడట. నాయిన పసుపు అద్దించి, ఎనిమిది రోజులు ఉంచుకుని, బండి కట్టి దిగబెట్టి వచ్చాడు. రెండోసారి రెండు వేళ్లు విరిగి వచ్చింది. మళ్లీ దిగబెట్టాడు. మూడోసారి కడుపులో పిల్ల పోయింది. కాలితో తన్నాడని చెబుతూ అత్త ఏడవను కూడా ఏడవలేదు. నాయిన ఒక్కటే మాట అనేవాడు. "ఆడపిల్ల పుట్టింట్ల కూసుంటే నలుగుర్ల నా ముఖం ఏడ పెట్టుకోవాలె?" ఆ ముఖం కోసం ఆమెను మూడోసారి కూడా బండెక్కించాడు. నాలుగోసారి నడిచే వచ్చింది. కాళ్లు పగిలి, వీపున వాతలు చీము పట్టి ఉన్నాయి. ఈసారి ఎవరితోనూ మాట్లాడలేదు. వెనకాలే మొగుడు కూడా వచ్చాడు. పందిట్లో మంచం వాల్చుకుని కూర్చుని, కోడికూర తిని, నా పెండ్లాన్ని పంపమన్నాడు. పొద్దున బండి కడతానని నాయిన మాటిచ్చాడు.

అప్పుడు నాయినమ్మ లేచింది. "దాని కండ్లు చూసినవారా? అది నా బిడ్డ చూపు గాదు. దానికేదో సోకింది. సోకినదాన్ని పంపితే వాళ్లింటికి అరిష్టం. పొగ బెట్టి చూద్దాం" అంది. మా దిక్కు దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే దిష్టి ఉన్నట్టు. మా ఊళ్లో ఆ లెక్కను దయ్యాలకు కూడా సాగదీశారు. మిరప పొగలో మనిషైతే దగ్గుతుంది, లోపల ఇంకేదైనా ఉంటే దగ్గదు. నాయినకు కోపం వచ్చింది కానీ పందిట్లో ఉన్న అత్త మొగుడికి భయం పట్టుకుంది, చూసి పంపండి అన్నాడు. "దగ్గిందంటే పొద్దున బండెక్కుతది. మళ్ల నీ మాట ఇన" అన్నాడు నాయిన. "అవ్. దగ్గితే పంపు" అంది నాయినమ్మ.

తెలకపిండి నిల్వ చేసే కొట్టుగదిలోకి అత్తను తోశారు. చేయి పట్టేంత కిటికీ ఒకటే ఆ గదికి. నాయినమ్మ తన చేతులతోనే కుంపటి రాజేసింది. చేటతో కాయలు తెచ్చింది, అదీ తాలు కుప్పలోంచి. కన్నకూతురికి పొగ పెట్టడానికి కూడా మంచి కాయ వేయడానికి మనసొప్పలేదు ముసలిదానికి అని తర్వాతి రోజుల్లో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. మగవాళ్లు తువ్వాళ్లు మూతికి అడ్డం పెట్టుకుని పశువుల కొట్టం దాకా వెనక్కి పోయారు. నాయినమ్మ నన్ను పిలిచి తడిగుడ్డ ముక్కుకు కట్టింది. "పద్మా, నీ చెవులు మంచియి. కిటికీ కాడ నిలబడు. అది దగ్గితే దగ్గిందని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు." నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. పెద్దలంతా నా మాట కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

లోపల కాళ్లు తపతప కొట్టుకున్నాయి. కుండ పగిలింది. తల గోడకు తగిలిన చప్పుడు వచ్చింది, ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. ముక్కుతో బుసకొట్టినట్టు ఊపిరి వినిపించింది. దగ్గు మాత్రం రాలేదు. నేనే దగ్గుతున్నాను, దగ్గుతూనే అరిచాను. "దగ్గుత లేదు!" నాయిన కొట్టం దగ్గర్నుంచి, "సరిగ్గ ఇను!" అన్నాడు. నాయినమ్మ ఇంకో దోసెడు కాయ వేసింది. మళ్లీ గోడకు తల తగిలింది. చేలో కోత ఆగిపోయింది. కోయ ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని గట్టు మీద నిలబడిపోయారు. "దగ్గుత లేదు నాయినా! అత్త దగ్గుత లేదు!" అని ఊరంతా వినపడేలా అరిచాను. ఆ గొంతులో గర్వం ఉంది. ఉన్న మాట చెబుతున్నాను.

తలుపు తీస్తే అత్త పాకుతూ బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. నుదురు చిట్లింది. నోట్లోంచి రక్తం కారుతోంది. వాకిట్లోనే కక్కుకుంది. మర్నాడు ఏటి అవతలి నుంచి మంత్రగాణ్ణి పిలిపించారు. వేపమండలతో మొదలుపెట్టి చింతబరికెలదాకా పోయాడు. చీము పట్టిన పాత వాతల మీదే కొత్త వాతలు పడ్డాయి. అత్త కీచుగొంతుతో, "నేను పోను, ఈ ఒంటిని ఇడువ" అని అరిచింది. ఆ అరుపు విన్న మొగుడు పళ్లెంలో అన్నం వదిలేసి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నెల తిరక్కముందే ఇంకో పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. మూడు రోజుల కొట్టుడు అయ్యాక దయ్యం శాంతించిందన్నారు. అత్త గొంతు మాత్రం శాశ్వతంగా బొంగురుపోయింది. శుభకార్యాలకు ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. రాత్రిళ్లు ఆమె పక్కన పడుకునే నేను అమ్మ దగ్గరికి మారిపోయాను. కొన్నేళ్లకు ఆమె కల్లూరు పోయి హాస్టల్లో వంటమనిషిగా కుదిరింది.

నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. చదువుతో పాటు నాయినమ్మ మీద పగ కూడా పెంచుకున్నాను. బళ్లో పిల్లలకు మూఢనమ్మకాల గురించి చెప్పాల్సి వస్తే ఆమె కథే చెప్పేదాన్ని. రాసిన కథల్లో చెడ్డ ముసలమ్మ ఎక్కడ కనిపించినా పొగాకు నములుతూనే ఉంటుంది. సభల్లో చెబితే జనం చప్పట్లు కొట్టారు. ఎన్నిసార్లు చెప్పినా కిటికీ దగ్గర నిలబడింది "ఒక చిన్నపిల్ల" అనే అన్నాను. నేను అని ఎక్కడా చెప్పలేదు. ఆ అరుపు వల్లే అత్త బతుకు బండలైందని నాకు లోపల తెలుసు. పెళ్లిళ్లలో, చావుల్లో అత్త ఎదురైతే పలకరించి పక్కకు తప్పుకునేదాన్ని.

అందుకే ఢిల్లీ మెట్ల మీద ఆ హమాలీ మాట నన్ను కూలదోసింది. పుట్టింది మొదలు కల్లంలో బతికిన మనిషికి ఆ పొగ ఏం చేస్తుంది? అలవాటు పడ్డ గొంతు దగ్గదు, అంతే. ఊళ్లో ఇంకెవరికి తెలియకపోయినా మిర్చి పండించే మా ఇంటికి ఈ సంగతి తెలియకూడదా? ఇంత చిన్న విషయం తెలియని మూర్ఖులు ఒక ఆడపిల్లను చావగొట్టారు కదా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఖమ్మం తిరిగి వచ్చిన మూడోనాడు కల్లూరు బస్సెక్కాను. ఆమెకు ఈ మాట చెప్పాలి, కిటికీ దగ్గర అరిచినందుకు కాళ్లు పట్టుకోవాలి అనుకున్నాను.

ఎనభైకి దగ్గర పడ్డ సుగుణత్త రెండు గదుల కిరాయి ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. నేను వెళ్లేసరికి వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏంది కోడలా, ఇటు గాలి మళ్లింది?" అంది. నేను కింద కూర్చుని, ఊపిరి తీసుకోకుండా, ఢిల్లీ సంగతి మొత్తం చెప్పేశాను. "నీకు అలవాటైంది అత్తా, అందుకే దగ్గు రాలే. దయ్యం లేదు, ఏం లేదు" అన్నాను.

అత్త నా ముఖం చూసి నవ్వింది. "దయ్యం లేదని నాకు తెల్వదా? అలవాటా! ఏం అలవాటు? దగ్గు గుండెలకెళ్లి తన్నుకొచ్చింది. చెయ్యి కొరుక్కున్న." చెయ్యి చాపి చూపించింది. ముంజేతి మీద నెలవంకలా ఒక మచ్చ. దాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. మంత్రగాడు పెట్టిన వాత అనుకున్నాను.

"ఎందుకు ఆపుకున్నవ్?"

"మా అమ్మ చెప్పింది గదా." పిక్క తీసి గిన్నెలో వేసింది. "పొగ బెట్టే ముందు నా తల దువ్వుకుంట చెవుల చెప్పింది. మీ అన్న మాటిచ్చిండు, వాని మాట కాదనే మనిషి ఈ ఇంట్ల లేడు, దయ్యం ఒక్కటే కాదంటది అన్నది. ఒక్క గడియ ఓర్చుకో బిడ్డా, దగ్గినవా బండెక్కుతవ్, ఈసారి పీనుగై దిగుతవ్ అన్నది. తాలు కాయ ఏస్త, ఘాటు తక్కువుంటది అన్నది."

కిటికీ దగ్గర నన్నెందుకు నిలబెట్టిందని అడిగాను.

"తను చెప్తే మీ నాయిన నమ్మడు గదా. చిన్నపిల్ల చెప్తే నమ్ముతడు. నువ్వు గట్టిగ అరిచినవ్ గాబట్టే నేను బతికిన, కోడలా."

"మరి మంత్రగాడు గంతెందుకు కొట్టిండు?"

"వానికి చాటుకు కోణ్ణిచ్చి చిన్నగ కొట్టమని చెప్పిందట. వాడు కోణ్ణి తిన్నడు. చిన్నగ కొట్టుడు మరిచిపోయిండు." చెబుతూ మళ్లీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. "అడిగినవా? నా పక్కన పండుకునుడే ఇడిసిపెడితివి" అంది.

గోడ అవతల ఎవరో బిందె విసిరికొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక ఆడగొంతు. అత్త అటు తల ఊపింది. పక్కింటి పిల్ల, మొగుడు కొడతాడు, పుట్టింటికి నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లూ పెద్దమనుషులు సర్దిచెప్పి తోలిండ్రు అని చెప్పింది. ఇప్పుడు చట్టాలున్నాయని, ఫోన్ చేస్తే పోలీసులు వస్తారని నేను టీచరు గొంతుతో మొదలుపెట్టాను. "అవ్, వచ్చిండ్రు. వాళ్లు గూడ సర్దిచెప్పే పోయిండ్రు" అంది అత్త. "మా కాలంల దయ్యమన్న ఉండె. ఇప్పుడు అది గూడ లేకపాయె. ఏం చెప్పి ఉంచుకుంటది ఆ తల్లి?" మా నాయిన రోజుల కంటే ఈ రోజులు ఎంతో మేలని నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. ఆమె ముందున్న చింతపండు ఇంత తీసుకుని నేనూ పిక్కలు తీయడం మొదలుపెట్టాను.

లేవబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒకటి అడుగుత, కోపం చేసుకోకు. అమ్మ పోయే ముందు పది రోజులు నిన్నే తలిచింది. పద్మ నా మీద మనసు ఇరుసుకున్నది, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పి పోవాలె అన్నది. నీ హాస్టల్‌కు మనిషిని తోలిన. ఎందుకు రాలే?"

పరీక్షలున్నాయని చెప్పి పంపాను. అప్పుడు నాకు పరీక్షలేమీ లేవు.